ఫోర్కు మధ్య చెక్క

సైకిలును విమానంలో తీసుకుపోయేది ఎట్లా సార్ అని ఈ మధ్య పిల్లలు నన్ను అడుగుతుంటారు. అదేం పెద్ద విద్య కాదు. పెడళ్ళు విప్పాల. ఎడమ పక్కది రివర్సులో తిప్పితేనే ఊడొస్తుందని గుర్తు పెట్టుకోవాల. చక్రాలు తీయాల. హాండిలు పక్కకు తిప్పి ఫ్రేముకు కట్టాల. ట్యూబుల్లో గాలి వదలాల. ముందు చక్రం తీసేసినాక ఫోర్కు రెండు కాళ్ళ మధ్య ఖాళీ మిగుల్తుంది గదా, ఆ కొసల మధ్య సరిగ్గా పట్టే చెక్క ఒకటి బిగించాల.

ఈ చెక్క దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరుగుతుంది. అడిగిన పిల్లలు బిక్కమొహం వేస్తారు. వాళ్ళ తప్పేం లేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్లు వాళ్ళ మీద అరుస్తానని నాకూ తెలుసు. అందుకే ఒకసారి రాసి పెడితే, ఈసారి అడిగినోళ్ళకు కాగితం చేతికిచ్చి నోరు మూసుకోవచ్చు అని కూర్చున్నాను.

నేను గార్లదిన్నె పక్కన ఒక హైస్కూల్లో డ్రిల్లు అయ్యవారిగా చేసినాను. ఆటస్థలం అంటే గులకరాళ్ళు, పల్లేరుకాయలు. ఆట వస్తువులంటే గాలి నిలవని ఒక వాలీబాలు. అట్లాంటి బడికి ఒక గొర్రెల కాపరి కూతురు వచ్చేది. ఆ ఏళ్ళలో వానలు లేవు. వాళ్ళ ఊరి బోర్లన్నీ ఎండిపోయినాయి. పొద్దున్నే వాళ్ళ నాయన సైకిలుకు రెండు పక్కలా బిందెలు కట్టుకుని, పక్క ఊరి బోరు నుంచి నీళ్ళు తెచ్చి ఇంట్లో పోసి, అదే సైకిలు మీద బడికి వచ్చేది. మా పక్క ఎదురుగాలి ఎట్లుంటుందో ఈడ పుట్టినోళ్ళకు చెప్పక్కర్లేదు. మగోళ్ళు దిగి తోసుకుంటా పోయే ఎదురుగాలిలో ఆ పాప నిండు బిందెలతో సీటు మీద నుంచి లేవకుండా తొక్కేది. నీళ్ళు మాత్రం తొణికేవి కావు.

చూసి చూసి ఒకరోజు, "ఏమ్మా, పందెంలో తొక్కుతావా?" అన్నాను.

"బిందెలు ఉంటాయా సార్?"

"ఉండవు."

"అయితే తొక్కుతా."

జిల్లా పోటీల్లో మామూలు సైకిలు మీదనే గెలిచింది. అసలు పందెం సైకిలు కావాలంటే యాడి నుంచి తెచ్చేది? దేవుడు దయతలచినాడు. పుట్టపర్తికి వచ్చిన ఒక తెల్లాయన తన రేసు సైకిలును విమానంలో వెంట తెచ్చుకుని, తిరిగి పోయేటప్పుడు ఎవరికైనా పనికొస్తే ఇవ్వమని లాడ్జి వాళ్ళతో అన్నాడంట. ఆ లాడ్జిలో పనిచేసే మా పాత విద్యార్థి నాకు కబురు పెట్టినాడు. పోతే, ఆ తెల్లాయన సైకిలు ఊరికే చేతిలో పెట్టలేదు. నా ముందే దాన్ని విప్పి, పెట్టెలో ఎట్లా సర్దాలో చూపించి, మళ్ళీ తీసి బిగించి, నా చేత కూడా చేయించినాడు. మాకు మాటలు సరిగా కలవలేదు. ఆ చెక్క దగ్గర మాత్రం ఫోర్కు కొసలను రెండు చేతులతో దగ్గరికి నొక్కి చూపించి, తల అడ్డంగా ఊపి, చెక్కను ముద్దు పెట్టుకున్నాడు. నాకు అర్థమైంది. చక్రం లేని ఫోర్కు మీద బరువు పడితే కాళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. ఇంక చక్రం పట్టదు.

ఆ సైకిలు మీద పాప రాష్ట్రం పోటీలు గెలిచింది. జాతీయ పోటీలు ఈశాన్యంలో, దేశం ఆ కొసన. మొదటి ముగ్గుర్ని శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. అక్కడే తిండి, అక్కడే చదువు, మంచి సైకిలు. వయసు దాటిపోతుంది కాబట్టి ఆ పాపకు ఇదొక్కటే అవకాశం. శిబిరంలో చోటు దొరికితే బిందెలు దిగినట్లే. లేదంటే వాళ్ళ నాయన వెనక గొర్రెలు తోలుకోవాల్సిందే.

రైల్లో పోతే పరీక్షలు పోతాయని, జిల్లా క్రీడల సంఘం వాళ్ళు ఎవరెవరినో పట్టుకుని బెంగుళూరు నుంచి విమానం టికెట్లు తెప్పించినారు. ఈ సంఘానికి ఒక కార్యదర్శి. పొలాలూ రాజకీయమూ కాంట్రాక్టులూ ఉన్న ఇంటి మనిషి. సైకిలు తొక్కడం వచ్చో రాదో ఎవరికీ తెలీదు. జిల్లాలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అన్నా అనేవాళ్ళు. నేనూ అనేవాడినే.

టికెట్లు వచ్చినాయని తెలిసి ఆఫీసుకు పోతే, పాప పేరూ, అన్న పేరూ, వదినమ్మ పేరూ ఉన్నాయి.

"అన్నా, మరి కోచ్‌ను నేను, నాకు టికెట్టు?" అన్నాను.

"ఏమప్పా డ్రిల్లు మాస్టరూ, ఆడపిల్లకు తోడు ఆడమనిషి ఉండాల్నా వద్దా? ఆడమనిషికి తోడు నేనుండాల్నా వద్దా?"

ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ మాటలో తప్పు పట్టేదానికి లేదు. పైగా వదినమ్మకు అస్సాంలో అమ్మవారి గుడి చూడాలని ఎప్పటి నుంచో ఉందంట, అదీ చెప్పినాడు. పెద్దమనుషుల దగ్గర ఇదే చిక్కు. చేసేది వాళ్ళ పని, చెప్పేది ధర్మం.

"సైకిలు బిగించేది ఎవరన్నా మరి?"

"పాపకు రాదా? ఆమాత్రం రాకపోతే నువ్వేం నేర్పించినావప్పా?"

పాపకు బిగించడం వచ్చు. విప్పడమూ వచ్చు. ఆ మాటే అని ఊరుకున్నాను.

సర్దింది అనంతపురంలో మాకు తెలిసిన సైకిలు షాపులో. షాపాయన మంచోడే గానీ, ఎవరి మాటా వినే రకం కాదు. సామాను పంపడమంటే ఆయనకు తెలిసింది బస్సు టాపు. "సార్, చక్రాలెందుకు తీసేది? కొబ్బరి తాడుతో బిగించి కడితే బళ్ళారి దాకా పోయినా కదలదు" అంటాడు. "అది బస్సు కాదప్పా" అంటే, "గాలిలో పోయేదానికి గుంతలేముంటాయి సార్, ఇంకా మేలు" అంటాడు. ట్యూబుల్లో గాలి నేను వదిలితే ఆయన వెనక నుంచి పంపు పెట్టి కొడతాండాడు. గాలి లేని టైరు చూస్తే ఆయనకు నిద్ర పట్టదంట. ఇద్దరం గట్టిగా అరుచుకుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి చూసినారు. పాప మాత్రం మా ఇద్దరి గొడవలో పడకుండా ఒక మూల కూర్చుని పెడళ్ళు గుడ్డతో తుడిచి పేపర్లో చుడతా ఉండింది.

చివరికి ఫ్రిజ్జు అట్టపెట్టె కోసి, గోనెపట్టలు పరిచి, పాత ట్యూబు ముక్కలతో ఎక్కడికక్కడ కట్టి సర్దినాము. చెక్క నేనే చేసినాను. తుమ్మచెక్క. ఫోర్కు కొలతకు కోసి, ఆకురాయితో రుద్ది, కొసలు పట్టేటట్లు గాడి తీసి, ట్యూబు పట్టీతో బిగించినాను. అన్న జీపు దిగి చూడను వస్తే, పట్టుకుని చూపించినాను. "అన్నా, అన్నిటికంటే ఇది ముఖ్యం. ఎవరు ఏం తీసినా దీన్ని తీయనియ్యొద్దు."

"సరేలేప్పా" అన్నాడు. అదీ ఫోన్లో ఇంకెవరితోనో మాట్లాడతానే.

పాపతో పాటు వాళ్ళ అవ్వ వచ్చింది. పెట్టెకు కుంకుమ పెట్టింది, నిమ్మకాయ తిప్పి పారేసింది, టెంకాయ కొట్టింది. మేం టీ తాగను పోయి వచ్చేలోపల ఇంకొక పని చేసింది. ముడుపు కట్టింది. పసుపు గుడ్డలో ఒక ఎండు టెంకాయ, చిల్లర రూకలు, దిష్టికి ఒక ఇనుప మేకు పెట్టి ముడి వేసి, తీసుకుపోయి సీటు కింద కట్టేసింది. పాప గెలిచి వచ్చినాక విప్పి కులదేవతకు ఇస్తానని మొక్కు. మా పక్క బండికి, గొర్రెకు, బోరుకు దేనికైనా ముడుపు కట్టడం మామూలే. తిరిగి వచ్చినాక షాపాయన చూసినాడు, నేనూ చూసినాను. ఇద్దరికీ అది తప్పని తోచలేదు. పెట్టెను టేపుతో మూసేసినాము.

నేను బెంగుళూరు దాకా జీపులో వెంట పోయినాను. కనీసం పెట్టెను తలకిందులు చేయకుండా ఎక్కిస్తారేమో చూద్దామని. ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్న పోలీసాయన టికెట్టు లేదని నన్ను ఆపేసినాడు. మిగిలిన వాళ్ళు లోపలికి పోయినారు. మధ్యలో అద్దం. ఇంతెత్తు అద్దం, శుభ్రంగా కనపడుతుంది, ఒక్క మాట వినపడదు. అట్లాంటి శిక్ష నేను ఏ విద్యార్థికీ ఎప్పుడూ వేయలేదు.

పెట్టెను లోపలి సామాను చూసే మిషన్లో పెట్టినారు. మిషను ఆగింది. నలుగురు గుమిగూడినారు. గుండ్రంగా ఒక వస్తువు, దాని చుట్టూ బిళ్ళలు, ఒక మేకు. వాళ్ళకు ఏమని తోచిందో ఊహించుకోండి. పెట్టె తెరవమన్నారు. పాపను వదినమ్మతో పాటు క్యూలో జాగా పట్టుకోమని పంపించినాడు అన్న. పెట్టె దగ్గర తనొక్కడే నిలబడినాడు.

అద్దం ఇవతల నేను చూస్తాండాను. టేపు కోసినారు. నేను కట్టిన పట్టీలన్నీ పరపరా కోసినారు. ఫ్రేమును బయటికి లాగి, సీటు కింది ముడుపు విప్పినారు. టెంకాయ, రూకలు, మేకు బయటపడినాయి. సోదా చేసే ఆయన ఒక్క నిమిషం చూసి, నవ్వి, మళ్ళీ తన చేతులతోనే ఆ పసుపు గుడ్డ ముడి వేసినాడు. కండ్లకద్దుకున్నాడు. రెండు చేతులతో అన్నకిచ్చినాడు. అన్న కూడా కండ్లకద్దుకుని, పసిబిడ్డను పండబెట్టినట్లు పెట్టెలో పెట్టినాడు.

నా చెక్క కింద పడి ఉంది. అన్న వంగి తీసినాడు. ఇటు తిప్పి చూసినాడు, అటు తిప్పి చూసినాడు. పక్కనున్న చెత్తబుట్టలో వేసినాడు.

"చెక్క! అన్నా, చెక్క!" అని అరిచినాను. అద్దం మీద రెండు చేతులతో కొట్టినాను. జనమంతా తిరిగి చూసినారు. అన్న కూడా చూసినాడు. చూసి, నవ్వి, చెయ్యి ఊపినాడు. పోయి వస్తామని చెప్తున్నాడు! నేను రెండు చూపుడు వేళ్ళు ఎదురెదురుగా పెట్టి ఫోర్కు చూపిస్తే, ఆయన నమస్కారం పెట్టినాడు. క్యూలో నుంచి వదినమ్మ కూడా చెయ్యి ఊపింది.

పోలీసాయన నా భుజం పట్టుకున్నాడు. ఆయనకు తెలుగు రాదు, నాది అనంతపురం హిందీ. లకడీ లకడీ అని నేను చెత్తబుట్ట వైపు చూపిస్తే, పిచ్చోడనుకున్నాడో జాలిపడినాడో, చాలాసేపటికి లోపలికి పోయి వెతికి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. అప్పటికి పెట్టెకు ప్లాస్టిక్ తాడు చుట్టి లోపలికి పంపించేసినారు. బస్సెక్కి అనంతపురం వచ్చేదాకా ఆ చెక్క నా ఒళ్ళోనే ఉంది. నా పక్కన కూర్చున్నాయన నా మొహం చూసి సీటు మార్చుకున్నాడు.

తెల్లారి షాపుకు ఫోను వచ్చింది. పాపే.

"సార్, ముందు చక్రం పట్టల్యా. ఫోర్కు మూసుకపోయినాది."

"అన్న యాడున్నాడు?"

"గుడికి పోయినారు సార్."

షాపాయన ఫోను లాక్కున్నాడు. ఈసారి మా ఇద్దరికీ గొడవ లేదు. పాత ఇరుసు ఒకటి యాడన్నా అడుక్కుని, దానికి రెండు నట్లు వేసి, ఫోర్కు మధ్యన పెట్టి, నట్లను బయటి వైపుకు తిప్పుతా పో, కొంచెం కొంచెం తెరుచుకుంటుంది, తొందరపడితే విరుగుతుంది అని ఆయన చెప్పినాడు. పాప ఊ కొట్టింది. ఏడ్వలేదు. మేమే ఏడ్చే మాదిరి ఉన్నాము.

ఫోర్కు తెరుచుకుంది. కానీ ఒక కాలు పక్కకు వంగింది, అది ఆ పాప చేతులతో అయ్యే పని కాదు. చక్రం ఒక పక్కకు ఒరిగి బ్రేకుకు రాసుకుంటుంటే, బ్రేకు వదులు చేసుకుని తొక్కింది. మలుపు తిరిగిన ప్రతిసారీ రాసుకునేదంట. నాలుగోది వచ్చింది. మూడో పాపకూ తనకూ మధ్య ఒక చక్రమంత ఎడం. శిబిరానికి ముగ్గుర్నే తీసుకుపోయినారు.

ఓడిపోతే ఓడిపోయినాము. ఆటలో అది ఉంటుంది. నా కడుపు మండింది ఆ తర్వాతి సంగతికి. జాతీయ స్థాయిలో నాలుగో స్థానమని అనంతపురంలో సన్మానం పెట్టినారు. శాలువాలు ఎక్కువ కప్పింది పాపకు కాదు, అన్నకు. మైకు పట్టుకుని అన్న మాట్లాడినాడు. "మనోళ్ళ మూఢనమ్మకాలు ఇంకా పోలేదు. వాళ్ళ అవ్వ తెలివి చూడండి, విమానంలో పోయే పెట్టెలో టెంకాయ పెట్టింది! పోలీసులు పెట్టె విప్పబట్టే సైకిలు దెబ్బతినింది. ఆ ముసలామె ముడుపే మన పతకం పోగొట్టింది" అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక వరుసలో అవ్వ, తన కొడుకు, అంటే పాప నాయన పక్కన కూర్చుని, కొంగు నోట్లో పెట్టుకుని తల దించుకుంది. పాప స్టేజీ మీద శాలువాతో నిలబడి అవ్వనే చూస్తాండాది.

కోపం నషాళానికంటింది. లేచి నేరుగా స్టేజీ ఎక్కినాను. చెక్క నా సంచిలోనే ఉంది. టేబులు మీద టపీమని పెట్టినాను.

"ఇదేందో చెప్పన్నా."

"ఏందప్పా ఇది? కట్టెముక్క."

"నువ్వు చెత్తబుట్టలో వేసిన పతకం ఇదే. నీకు పట్టి చూపించి, తీయనియ్యొద్దని నేను చెప్పింది దీన్నే. ముడుపును కండ్లకద్దుకుని పెట్టెలో పెట్టింది నువ్వు గాదా? అవ్వ టెంకాయ ఏం చేసిందన్నా? పెట్టె తెరిపించింది, అంతే. తెరిచినోళ్ళు మూస్తే సరిపోయేది. దీన్ని పారేసి మూసింది నువ్వు. పారేసి, నాకు చెయ్యి ఊపినావు!"

ఎవరూ నవ్వలేదు. ఆఫీసు గుమాస్తా వచ్చి నా చొక్కా పట్టుకుని దించినాడు. "సార్, ఉద్యోగం ఉండాల్నా వద్దా?" అని చెవిలో అన్నాడు. ఉద్యోగం ఉండింది. బడే మారింది. కర్ణాటక బార్డరు పక్కన, బస్సు వస్తే వచ్చినట్లు లేకపోతే లేనట్లు ఉండే ఒక ఊరికి వేసినారు. మిగిలిన సర్వీసు చాలావరకు ఆడనే గడిచింది. దానికి నాకు బాధ లేదు. ఆడా గాలి ఉంది, ఆడా పిల్లలున్నారు.

ఆ రోజు హాలు బయట మెట్ల మీద అవ్వ నన్ను ఆపింది.

"అయ్యోరా, నా ముడుపు వల్లనే పాప ఓడిపోయినాదంట గదా? నిజం చెప్పు."

"కాదవ్వా. దీన్ని పారేసినందుకు ఓడిపోయింది."

అవ్వ చెక్కను చేతిలోకి తీసుకుంది. ఇదేం చేస్తుందంది. రెండు వేళ్ళు చాపి, మధ్యలో చెక్క పెట్టి, ముడుచుకోకుండా ఎట్లా ఆపుతుందో చూపించినాను. అవ్వకు వెంటనే అర్థమైంది. దొడ్డి దడి లోపలికి వాలకుండా అడ్డకట్టె పెట్టినట్లు అనింది. తర్వాత నా మొహం చూసి గట్టిగానే కసిరింది.

"ఇంత పనికొచ్చేదానికి పసుపు గుడ్డ కట్టకుండా పంపిస్తివే అయ్యోరా! కట్టింటే వాడు పారేసుండునా?"

చెక్కను ఆమే తీసుకుపోయింది.

అవ్వ ఇప్పుడు లేదు. పాప శిబిరానికి పోలేకపోయినా సైకిలు వదల్లేదు. చదువుకుని, ఇప్పుడు తనే ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరు. అన్నకు వయసు మీద పడింది గానీ సంఘం పదవి వదల్లేదు. రోడ్డు మీద కారులో పోతా కనపడితే నాకు చెయ్యి ఊపుతాడు. నేను ఊపను.

పోయిన నెల తన బడి పిల్ల ఒకతె పోటీలకు పోతుంటే, సర్దింది సరిగ్గా ఉందో లేదో చూడమని పాప నన్ను పిలిచింది. పోయినాను. నేను నేర్పించిన పనిలో తప్పు వెతకాలని కండ్లద్దాలు పెట్టుకుని మరీ చూసినాను. పెడళ్ళు పేపర్లో చుట్టినాది. హాండిలు కట్టినాది. గాలి వదిలినాది. ముందు ఫోర్కు మధ్యన పాత తుమ్మచెక్క, నేను తీసిన గాడి అట్లే ఉంది. దానికి పసుపు గుడ్డ చుట్టి, కుంకుమ బొట్టు పెట్టినాది. లోపల టెంకాయ లేదు, రూకలు లేవు, మేకు లేదు. వట్టి చెక్క.

"ఇన్నిసార్లు పోయొచ్చినాది సార్ ఇది. విప్పి చూస్తారు, కండ్లకద్దుకుంటారు, ఉన్నచోటనే పెడతారు. ఎవ్వరూ పారేయలేదు" అనింది.

నా మొహంలో ఏం కనపడిందో, మెల్లిగా అడిగింది.

"కోపం ఇంకా తగ్గల్యా సార్?"

"తగ్గదు" అన్నాను. "ఆ ముడి వదులుగా ఉంది. గట్టిగా కట్టు."